తిరిగొచ్చే ఖుకురీలు

సల్లేడాండా,
భదౌ నెల 3, విక్రమ సంవత్ 2054

సంతవీధి కమ్మరి శ్రీ హర్కబీర్ గజ్మేర్‌కు హస్తకళల పరిశీలన కార్యాలయం తెలియజేయునది:

మీ ఖుకురీ కత్తుల మీద వేసే నెలవంక ముద్రను, సంతవీధిలో మీ కొలిమి స్థలాన్ని దసైఁ పండుగలోపు తిరిగి నమోదు చేయవలసి ఉన్నది. తనిఖీ నిమిత్తం మా గుమాస్తా ఒక పూట మీ కొలిమి ఎదుట కూర్చొనగా, అరవై ఒక్కమంది కొనుగోలుదారులు మీరు చేసిన ఖుకురీలను వెనక్కి తెచ్చి ఇవ్వడం కళ్ళారా చూసినాడు. ఒక్క పూటలో ఇంత సరుకు తిరిగి వచ్చుట ఈ జిల్లాలో ఎన్నడూ ఎరుగము. సంజాయిషీ ఇవ్వనిచో ముద్ర రద్దగును, స్థలము వేరొకరికి పోవును.

ఇట్లు,
తోయనాథ్ లుయిటెల్, అధికారి

తా.క. నిబంధన 7 ప్రకారం ముద్ర కొట్టే చేయి ఎవరిదో ఆ పేరే రిజిస్టరులో ఉండవలెను. జవాబు శుభ్రమైన కాగితంపై రాయగలరు.

*

సంతవీధి,
భదౌ 6

హాకిం సాబుకు హర్కబీర్ గజ్మేర్ చేతులు జోడించి రాయించేది ఏమంటే,

మీరు రాజధాని నుంచి ఈమధ్యే వచ్చారని విన్నాను. అందుకే కోపం తెచ్చుకోకుండా చెబుతున్నాను. దసైఁకి ముందు ఈ కొండ మీద ఉన్న ప్రతి ఇంటి కత్తీ మా కొలిమికి వస్తుంది. పండక్కి ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. వచ్చిన ఆడపిల్లని చూసి అల్లుడు వెళ్ళగొట్టాడేమో అని ఎవరైనా పోలీసు కేసు పెడతారా? సాన పడతాం, పిడి బిగిస్తాం, పంపిస్తాం. మా తాత చేసిన ఖుకురీ ఒకటి మొన్న వచ్చింది. అది చేసినప్పుడు మీ కార్యాలయం ఉన్నచోట జొన్న చేను ఉండేది.

సంజాయిషీ అంటే తప్పు చేసినవాడు ఇచ్చేది. నేను ఇవ్వను. ఇది జవాబు మాత్రమే.

ఇట్లు,
హర్కబీర్ గజ్మేర్

తా.క. నేను ఆయన కోడలు సుకమాయని. మామగారు చెబుతుంటే రాస్తాను. ఆయన అన్నదానికంటే ఇది చాలా మర్యాదగా ఉందని గమనించగలరు. కాగితం మధ్యలో కాలిన చిల్లు నిప్పురవ్వది. ఆ చిల్లులో మాట ఏమీ పోలేదు, ఒక తిట్టు పోయింది.

*

భదౌ 11

శ్రీ హర్కబీర్ గజ్మేర్‌కు,

మీ ఖుకురీలు ఏటా తిరిగి వచ్చునని మీరే ఒప్పుకొన్నందుకు సంతోషము. ఇప్పుడు విషయం మరింత తీవ్రమైనది. కత్తులు తిరిగి తెచ్చినవారే మీకు మొక్కజొన్నలు, రాగులు, ఒకరు బతికున్న కోడిపుంజును సమర్పించి వెళ్ళినారని గుమాస్తా రాసినాడు. సరుకు పాడైనప్పుడు అమ్మినవాడు ఇచ్చుకోవలె. ఇక్కడ కొన్నవారే ఇచ్చుకొనుచున్నారు. అనగా మీరు వారిని బెదిరించుచున్నారని అనుమానము.

పైగా పింఛనుదారు సుబేదార్ బఖత్‌ధ్వజ్ రాయ్ గారు మీ గుమ్మం ముందు నిలబడి వీధి అంతా వినేలా, "సాహిలా, నా కొంప ముంచావురా" అని కేకలు పెట్టినారు. ఇది లిఖితపూర్వకంగా నమోదైనది.

ఇట్లు,
తోయనాథ్ లుయిటెల్

తా.క. మీ ఉత్తరం అంచున నల్లటి వేలిముద్రలు మూడు ఉన్నవి. మగవాని వేలికి మరీ చిన్నవి. ఒక ఉత్తరానికి ఒక వేలిముద్ర చాలును, వేయునది పూర్తి వేలు వేయవలెను.

*

భదౌ 15

హాకిం సాబుకు,

ఈసారి చేతులు జోడించలేదు. పట్టకారు ఉంది చేతిలో.

ఏడాది పొడుగునా కొడవళ్ళూ గొడ్డళ్ళూ ఖుకురీలూ సాన పట్టినందుకు పంట ఇంటికి రాగానే గింజలు తెస్తారు. మా తాతకీ తెచ్చారు. పుంజు సంగతి వేరు. చెప్పులు కుట్టే సార్కీల పేట ముసలమ్మ కత్తితో పాటు పుంజునీ తెచ్చింది, పదును చూసుకోవడానికి. పుంజు బాగానే ఉంది, ఇంట్లో మాతో పాటే తింటోంది. దాన్ని కొయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదు.

సుబేదారు గారి సంగతి. ఇంట్లో మూడోవాణ్ణి గనక నన్ను సాహిలా అంటాడు. ఆయన పల్టనులో చేరిననాడు మా నాన్న చేత ఒక ఖుకురీ చేయించుకున్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు. ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది, వాదర మీద ఒక్క పన్ను పడలేదు. కొత్తది కొనుక్కోవాలని ఆయనకి మోజు. ఉన్నది విరిగితే తప్ప కొననివ్వనని ఇంట్లో ఆవిడ పట్టు. దాంతో బండకేసి కొట్టి చూశాడు. బండ పగిలింది. అందుకని మా గుమ్మం ముందుకొచ్చి కేకలు. మీ గుమాస్తా మొదటి ముక్క రాసుకుని లేచిపోయినట్టున్నాడు. తర్వాత ఆయనన్నది ఇది: "నా కొంప ముంచావురా, చచ్చేదాకా నాకు కొత్త కత్తి లేదు." ఈ కొండ మీద కమ్మరికి అంతకన్నా సన్మానపత్రం ఎవరూ ఇవ్వరు.

బెదిరిస్తున్నానని కూడా రాశారు. ఎవర్ని బెదిరించగలను? దసైఁనాడు మా చేతి కత్తిని పూజగదిలో పెట్టి బొట్టు పెడతారు. దాన్ని చేసినవాడు మాత్రం వాకిట్లో టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి రావాలి. మీ గుమాస్తా ఇంట్లోనూ అంతే, అడగండి. ఆ గ్లాసు కడిగేటప్పుడు నాకు మంటగానే ఉంటుంది. అయినా నా కత్తి పదునులో ఎవరికీ తక్కువ పెట్టలేదు.

హర్కబీర్ గజ్మేర్

తా.క. వేలిముద్రలు నావి, సుకమాయవి. బొగ్గు మసి. మా ఆయన పప్పు మాడ్చాడు, ఆ కంగారులో చెయ్యి కడుక్కోకుండా కాగితం పట్టుకున్నాను. వంట రోజూ ఆయనదే. పప్పు తప్ప అన్నీ బాగా చేస్తాడు.

*

భదౌ 28

శ్రీ హర్కబీర్ గజ్మేర్‌కు,

మీ ఉత్తరములు పొడవుగా ఉన్నవి గాని రుజువులు లేవు. కావున తుది ఆదేశం. అసోజ్ 5 ఉదయం పది గంటలకు, మీ పనితో తృప్తిగా ఉన్న కొనుగోలుదారులందరూ వస్తువుతో సహా కార్యాలయానికి స్వయంగా హాజరు కావలెను. ఇరవైమందికి తగ్గినచో ముద్ర, స్థలము రద్దు.

తోయనాథ్ లుయిటెల్

తా.క. వచ్చువారు వస్తువును ఒరలోంచి తీసి, పైకెత్తి, స్పష్టముగా చూపవలెను.

*

అసోజ్ 5, పదకొండు గంటలు
(కిటికీలోంచి)

హర్కబీర్ గారికి,

ఏమిటిది? మూడువందల పన్నెండుమంది! దూసిన ఖుకురీలు పైకెత్తి కొండెక్కి వచ్చారు. నేనూ గుమాస్తా లోపల గడియ వేసుకున్నాం. సుబేదారు గారు అందరినీ వరుసలో నిలబెట్టి కవాతు చేయించారు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు, అదే ఇంకా భయంగా ఉంది. కిటికీ ఊచల మధ్యనుంచి ఒక్కొక్క కత్తీ చూసి, రిజిస్టరులో ఒక్కొక్క పేరూ రాసి, ఎదురుగా "తృప్తి" అని సంతకం పెట్టాను. మూడేళ్ళలోపు చేసినవి పాతవాటికన్నా మెరుగని కూడా రాశాను, అది నిజం. చేసినదెవరని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు.

ఇప్పుడు గడియ బిగుసుకుపోయి రావడం లేదు. ఎవరినైనా పంపండి.

తోయనాథ్ లుయిటెల్

తా.క. త్వరగా. ఇక్కడ టీ కూడా లేదు.

*

అసోజ్ 7

హాకిం సాబుకు హర్కబీర్ గజ్మేర్ మళ్ళీ చేతులు జోడించి రాయించేది,

చేతిరాత మారిందని కంగారు పడకండి. ఇది మా అబ్బాయి రాత. రోజూ రాసే మనిషి కొలిమిలో దాగలి దగ్గర ఉంది.

మొన్న మీ గడియని ఒక్క దెబ్బతో ఎగరగొట్టిందెవరో చూశారు కదా. సమ్మెట తీసుకుని మా కోడలే వచ్చింది. నేను రాలేదు, రాలేను. మూడేళ్ళ క్రితం నా కుడి మణికట్టు చచ్చుబడింది. అప్పట్నుంచి ఇనుము కాల్చేదీ, కొట్టేదీ, వాదరకి వేడినీళ్ళు పోసి పదును పెట్టేదీ, నెలవంక వేసేదీ సుకమాయే. మా అబ్బాయి తిత్తి పట్టుకుంటాడు, వంట చేస్తాడు.

ఈ సంగతి ఆ మూడువందల పన్నెండుమందికీ తెలుసు. ఆడదాని పేర ముద్ర లేదని కొలిమి లాగేసుకుంటారేమోనని మూడేళ్ళుగా ఒక్కరూ పెదవి విప్పలేదు. గడప దాటనివ్వనివాళ్ళు కూడా మా మాట గడప దాటనివ్వలేదు.

ఇప్పుడు నేనే చెబుతున్నాను. ముద్ర కొట్టే చేయి ఎవరిదో ఆ పేరే ఉండాలని మీ నిబంధన 7. అందులో చేయి అన్నారు. మగ చేయి అనలేదు. ఆ చేతి పని మెరుగని మీరే సంతకం పెట్టారు. రాసుకోండి: సుకమాయా గజ్మేర్. రాయకపోతే చెప్పండి, మూడువందల పన్నెండుమందిమీ మళ్ళీ వచ్చి అడుగుతాం. వస్తువుతో సహా.

హర్కబీర్ గజ్మేర్

తా.క. పని ఆపి ఈ నాలుగు ముక్కలూ నేనే రాస్తున్నాను. విరగ్గొట్టిన గడియకి బదులు కొత్తది చేసి పంపాను, మీ గుమాస్తా తలుపుకి బిగించాడు. దగ్గరికెళ్ళి చూడండి, కింద నెలవంక ఉంది. పేరు రాసినా రాయకపోయినా మీ కార్యాలయం నా ముద్ర కిందే మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. వచ్చే దసైఁకి ముందు కొలిమికి తీసుకురండి. అందరూ తెస్తారు. — సుకమాయా గజ్మేర్, కమ్మరి