జనార్దనరావుగారి ప్రత్యేక తలుపు

ఘాజియాబాద్, 4-3-97

పూజ్యులైన బావగారికి, బావమరిది రామచంద్ర నమస్కారాలు.

యావన్మంది బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, నేను ఈ ఉదయం క్షవరం చేయించుకున్నాను. ప్రజలు శాంతంగా ఉండవలెను.

ఇక చిన్న కబురు. నోయిడాలో మీ సొసైటీ ఫ్లాట్లకి తలుపులు చేసేది నేనే కదా. వాటి లిస్టు ఇదివరకు ఆర్కిటెక్టు ఆఫీసులో పద్మనాభం చేత్తో రాసేవాడు, ఫ్లాటుకో వరస. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. కొలత, చెక్క ఒకటైతే చాలు, తలుపులన్నీ కలిపి ఒక్క వరసలో పడేస్తోంది. పెద్ద ఫ్లాట్లు రెండే కాబట్టి మీ వీధి తలుపూ, ఎదురు ఫ్లాటు లక్ష్మీనారాయణగారిదీ ఒకే వరసలో కూర్చున్నాయి.

ఇట్లు,
మీ రామచంద్ర

తా.క. కంప్యూటర్ లెక్కలో ఇద్దరికీ ఒక్క తలుపే. పొద్దున మీరు, సాయంత్రం ఆయన వాడుకోండి.

ఆర్.కె. పురం, 8-3-97

చిరంజీవి రామచంద్రకి ఆశీస్సులు.

లక్ష్మీనారాయణ నాకంటే జూనియరు. ప్రమోషన్ ముందు కొట్టేశాడన్నది వేరే సంగతి. ఆఫీసులో ఒకే గదిలో కూర్చున్నాం, చాలదా? లిస్టులో నా తలుపు నా వరసలోనే ఉండాలి. అది పైవరస అయి ఉండాలి. రిటైరయ్యాను, నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తలుపు లేని ఇంట్లోకి మీ అక్కని తీసుకెళ్ళలేను.

జనార్దనరావు

తా.క. పొద్దున వంతు నాకొద్దు. నేను ఆలస్యంగా లేస్తాను.

ఘాజియాబాద్, 12-3-97

బావగారికి నమస్కారాలు.

పద్మనాభాన్ని అడిగాను. "రెండిటికీ ఏదో తేడా ఉంటేనే ఇది విడదీస్తుంది భయ్యా. సీనియారిటీ వేసే గడి ఇందులో లేదు," అన్నాడు. ఏం మార్చమంటారో రాయండి. మొన్న కలిసినప్పుడు అక్క మాత్రం గొళ్ళెం పడితే చాలంది.

మీ రామచంద్ర

తా.క. రెండంగుళాలు తగ్గిస్తే తల వంచుకుని వెళ్ళాలి. మీకు ఇంట్లో ఎలాగూ అలవాటే.

ఆర్.కె. పురం, 16-3-97

చి. రామచంద్రకి,

రెండంగుళాలు పెంచు. లక్ష్మీనారాయణకి తెలియనివ్వకు. లారీ మాట్లాడేశాను, ఆలస్యం చెయ్యకు.

జనార్దనరావు

తా.క. ఈ ఉత్తరం చదివి మీ అక్క నవ్వింది. ఎందుకో అడిగితే చెప్పలేదు.

ఘాజియాబాద్, 25-3-97

బావగారికి నమస్కారాలు.

మీ రెండంగుళాలు కంప్యూటర్‌లో వేయించాను. మీకు వేరే వరస వచ్చింది, అదీ పైన. మర్నాడు లక్ష్మీనారాయణగారు మా షాపుకొచ్చి, మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, తన తలుపూ రెండంగుళాలు పెంచమన్నారు. అదీ వేయించాను. కంప్యూటర్ మీ ఇద్దరినీ మళ్ళీ ఒకే వరసలో కలిపేసింది.

మీ రామచంద్ర

తా.క. బావా, ఒక్క తలుపన్నది నా కల్పనే. ఆ వరస పక్కన తలుపులు రెండు అని అంకె ఉంది. మీ రెండంగుళాలు కంప్యూటర్‌లో వేయించనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. గుమ్మాలు గోడలో ఎప్పుడో బిగిశాయి, ఇప్పుడు పెరగవు. ఆయన రెండంగుళాలు అడగడం, ఒట్టు, మళ్ళీ ఒకే వరస, అన్నీ నేనల్లినవే. షాపుకి రావడం మాత్రం నిజం. ఆయన అన్నది ఇదీ: "ముందు రావుగారిది బిగించవయ్యా. ఆయన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నాది తర్వాత చూద్దాం." నిన్న మీది బిగించేశాను. ఆయన గుమ్మానికి ఇంకా గోనెపట్టా వేలాడుతోంది. ఇది మాత్రం కల్పించలేదు.