ఎర్ర జెండా ఎత్తినా ఆగలేదు

మల్లన్నా,

నువ్వు పోయాక మన కాజీపేట రైల్వే పెన్షనర్ల క్లబ్బుకు ఇదే మొదటి పిక్నిక్. నిన్న పాలంపేట పోయి వచ్చాము. ఆటలు నేనే ఆడించాను. నీ పదో రోజున వదిన నువ్వు ఆటలాడించే ఈల తెచ్చి నా చేతిలో పెట్టింది. అందరి ముందు కాదనలేకపోయాను.

ఈ ఒక్కసారి చేసి, ఇక నాతో కాదని చెబుదామనుకున్నాను. బస్సులో దారంతా ఆ మాటే లోలోపల చెప్పుకుంటూ పోయాను.

నీలాగా కేకలు వేయడం నాకు రాదు కదా. అందుకే గేటు డ్యూటీ నాటి జెండాలు రెండూ పట్టుకుపోయాను. తాడు గుంజే ఆటలో మనవాళ్ళు ఒకవైపు, వాళ్ళ అల్లుళ్ళు మరోవైపు నిలబడ్డారు. పచ్చ జెండా ఊపాను. మధ్యలో సత్తయ్య చెప్పు తెగితే ఎర్ర జెండా ఎత్తాను. అంతే, మనవాళ్ళంతా ఒక్కసారే తాడు వదిలేశారు. అల్లుళ్ళు వెల్లకిలా పడ్డారు.

"ఎర్రజెండ జూసినంక ఇంకేం గుంజుతం అల్లుడా!" అని సత్తయ్య ఒకటే నవ్వు. వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నాల దగ్గర సత్తయ్య లేచి, "వచ్చే యేడు గూడ ఆటలు మన కొమురన్నయే!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాతో కాదని నోటితో చెప్పే బదులు ఎర్ర జెండా తీసి ఎత్తి చూపించాను.

"అబ్బో, కొమురన్నకు గూడ పరాచికాలొచ్చినయే!" అని ఇంకా గట్టిగా నవ్వారు.

ఈసారి ఎవరూ ఆగలేదు మల్లన్నా. జెండా మడిచి సంచిలో పెట్టుకున్నాను. నీ ఈల మాత్రం ఇంకా నా మెడలోనే ఉంది.

నీ కొమురయ్య