మచ్చు మిరపకాయలు

చిలకలూరిపేట, 1962 మార్చి, ఆదివారం.

ఏమండీ,

పొద్దున్నే ఆరు బిందెల నీళ్లు తోడాను. రెండు దుప్పట్లు ఉతికాను. కుంచెడు కందులు విసిరాను. సాయంత్రం మీ చెల్లెలు సుబ్బులుతో గ్రంథాలయానికి వెళ్లాను. మీరు గుమస్తాగా చేసిన షావుకారుగారు తన జీవితం మీద పుస్తకం రాశారు. దాని గురించి అక్కడ ఆయనే మాట్లాడారు. ఇప్పుడాయన మిరపకాయల కొట్టూ వడ్డీ వ్యాపారమూ మానేసి, బీదలకు ఆసుపత్రి నడుపుతున్నారు.

మచ్చు చూడాలని రైతుల బస్తాల్లోంచి దోసిళ్లతో తీసిన మిరపకాయలను తిరిగి వాళ్లకే ఇచ్చిన మొదటి కొట్టు తనదని అందులో రాసుకున్నారు. ఒక రైతు లేచి, "ఆ బుద్ధి తమరికి ఎట్టా పుట్టిందండీ?" అన్నాడు. జనం నవ్వారు.

ఆయన నవ్వలేదు. "నాకు పుట్టలేదయ్యా. మా గుమస్తా చెప్పాడు. నాకే నీతులు చెబుతాడా అని పనిలోంచి తీసేశాను. దొంగతనం చేశాడని ఊరు అనుకుంటుంటే నోరు మూసుకున్నాను. రాయడానికి సిగ్గేసింది. రెండో ముద్రణలో ఆయన పూర్తి పేరు వేయిస్తాను. మేమంతా గుమస్తాగారనే పిలిచాం, ఇంటిపేరు తెలీదు. ఆయన ఇంటివాళ్లు ఉన్నారా?"

"అన్న పేరు నువ్వు పలక్కూడదు వదినా, నేను చెబుతాలే," అంటూ సుబ్బులు లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఇరవై రెండేళ్ల కాపురంలో, మీరు పోయిన ఈ మూడేళ్లలో ఒక్కసారీ పలకని మీ పేరు, ఇంటిపేరుతో సహా, చివరి బెంచీకి వినబడేలా చెప్పాను.

షావుకారుగారు నిలబడే రాసుకున్నారు.

ఆయన మీకు బాకీపడ్డ మాట నలుగురిలో తీర్చారు. ఆ పద్దు కొట్టేశాను.