ఒక చెయ్యి చాల్లే మా

1961 మార్చి, గురువారం రాత్రి

రాచపుండు, అదే కేన్సరు, అని మద్రాసు ఆసుపత్రిలో ఎడమ కన్ను తీసేసిన తర్వాత, మా అమ్మాయి రూతు ఇవాళే మొదటిసారి వీధిలో ఆడుకుంది. దాగుడుమూతల్లో దొంగ తనే. కళ్ళు మూయడానికి పిల్లలు నన్ను పిలిచారు. వెనక నిలబడి, అలవాటు కొద్దీ రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"ఒక చెయ్యి చాల్లే మా," అంది.

పిల్లలు నవ్వారు. అదీ నవ్వింది. నేను మాత్రం రెండో చెయ్యి తీయలేదు. కుడి అరచేతిలో దాని రెప్ప టపటపా కొట్టుకుంటోంది. ఎడమ అరచేతికి ఏమీ తెలియలేదు.

అందరినీ పట్టేసింది. సముద్రపు గాలికి జుట్టంతా ఇసుక. ఎంత సంతోషమో దానికి! నాకే మనసు కుదురుగా లేదు.

రెండో కంటికీ రావచ్చన్నారు డాక్టరుగారు. నల్లపాప లోపల తెల్లగా మెరిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. అందుకే రోజూ పడుకోబెట్టే ముందు లాంతరు దగ్గర ఆ కన్ను చూస్తాను. రోజూ ఊరికే కూర్చునేది, ఇవాళ అడిగింది.

"ఇప్పుడు నువ్వు దొంగవా మా? లోపల ఎవురు దాక్కోనుండారు?"

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

అని, వత్తి పెంచి, ఇంకోసారి చూశాను.