రాడ్ ఖరాబ్ కాలేదు

బావా,

బకెట్ నిండ నీళ్లు పట్టి రాడ్ తగిలించి పెట్టిన. డ్యూటీ దిగి రాంగనే స్విచ్ వెయ్యి. ప్లగ్గు పీకినంకనే నీళ్లల్ల చెయ్యి పెట్టు. చాయ్ ఫ్లాస్కుల ఉన్నది. నాకు పరీక్షల డ్యూటీ పడ్డది, మొగుళ్లపల్లి మొదటి బస్సుకు పోతున్న.

కొత్త రాడ్ కొనకు. "గిది ఖరాబైంది, నీళ్లు కాగుతలేవు" అని ఒకటే లొల్లి పెడ్తివి. మొన్న నీ మీటరే పెట్టి చూసిన. వోల్టేజీ 180, కరెంటు 5 ఆంపియర్లు. భాగిస్తే నిరోధం 36 ఓంలు, గుణిస్తే పవర్ 900 వాట్లే. అదే 36 ఓంలకు 230 వోల్టులు వస్తే డబ్బా మీద రాసిన 1500 దగ్గరికి పోతది. తప్పు రాడ్‌ది కాదు, లైన్‌ది. చెల్పూర్ ప్లాంటుల లోకానికంత కరెంటు పుట్టిస్తవు, ఇంట్ల గింత లెక్క చెయ్యకపోతివి.

నిన్న మన వాడకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిండ్రు. "ఇగ ఫుల్ వోల్టేజీ, అక్కా" అన్నడు లైన్‌మన్. ముప్పై మూడు నిమిషాలు పట్టే నీళ్లు ఇగ ఇరవైకే కాగుతయి. వాడంత సంబురపడ్డది, నేను తప్ప. నీళ్లు కాగేదాకనే గదా రోజూ నువ్వు గడప మీద కూసొని నాతోని మాట్లాడేది. కాగినంక నీకు తానం, నిద్ర. నాకు బస్సు. నేను వచ్చేసరికి నువ్వు మళ్ల షిఫ్టుకు.

రాణి

ఆదివారం నాకు సెలవు. ఆ రోజు రాడ్ బకెట్ల పెట్టకు. బట్టలు నానేసే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కడిగి ఉంచిన.