మాదేష్ తెచ్చిన పెట్టె

ధర్మపురి,
ఆదివారం.

బావకు, వేదవల్లి రాసేది. అత్తా, మన పాప నివేదితా, నేనూ వేళకు తింటున్నాం, జ్వరాలూ దగ్గులూ లేవు. ఆ మేరకు ఇక్కడ క్షేమమే. ఛత్తీస్‌గఢ్ ఎండల్లో బోరు బండి వెంట తిరిగే మీ ఒంట్లో ఎలా ఉందో దాచకుండా రాయండి.

మీ ఉత్తరం అందింది. అత్త మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగారు. నూనె రాస్తే కాస్త తగ్గుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అయినా తీర్థమలై కొండ గుడికి పోవాలని పట్టు పట్టింది. మెట్లు ఎక్కలేవు కదా అంటే, "నేను కిందనే కూర్చుంటాలే, మీరు ఎక్కి రండి" అంటుంది. నివేదితకు మీరు పంపిన గౌను పొడవైంది. అంచు మడిచి కుట్టాను. బడిలో తమిళమే చదివిన మీకు పెళ్లయిన కొత్తలో నేర్పిన తెలుగు అక్షరాలు ఇప్పుడు పనికొస్తున్నాయి. మీ క్యాంపులో తమిళం చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది మీరు తప్ప ఎవరూ చదవకూడదు.

మాదేష్ మంటల్లోకి ఎందుకు పోయాడని అడిగారు.

మా స్కాన్ సెంటర్ రిపోర్టులన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి. అది చెడిపోతే ఇంతమంది జబ్బుల వివరాలు పోతాయి కాబట్టి రోజూ నకలు తీసే పద్ధతి నేనే రాశాను. ఊడదీసి పట్టుకుపోగలిగే హార్డ్ డిస్కులు మూడు. ఒకటి సర్వర్ దగ్గర ఉంటే, ఒకటి మన బీరువాలో, మరొకటి కంబైనల్లూరు శాఖలో. వంతులవారీగా అవి తిరుగుతూనే ఉంటాయి. ఒక చోటు కాలినా, మునిగినా, మిగతా రెండు చోట్ల నకలు మిగలాలి. ఒక్క డిస్క్ కోసం ఎవరూ పరుగెత్తనక్కర లేకుండా చేసిన ఏర్పాటు అది.

కంబైనల్లూరు వ్యాను నడిపేది మాదేష్. ఏరియూరులో మేకలు కాచుకునే ఇంటివాడు. వాళ్లింట్లోనూ మనలాగే తెలుగు కాబట్టి, ఆఫీసులో నాతో మాత్రం తెలుగులో మాట్లాడేవాడు. డిస్క్ ఉన్న నల్లపెట్టెను పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టేవాడు. "మా కూతుర్ని కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టినా అక్కా" అని నవ్వేవాడు. మూడు పెట్టెలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. నకళ్లు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయన్నది ఎవరికీ చెప్పకూడదని మేనేజర్ బాలమురుగన్ సార్ ఆజ్ఞ. మాదేష్‌కు తెలిసిందల్లా పోయి వచ్చే పెట్టె ఒక్కటే ఉందనీ, అది పోతే సెంటరే పోతుందనీ.

ఆ మధ్యాహ్నం సర్వర్ గదిలో యూపీఎస్ బ్యాటరీలు అంటుకున్నాయి. రోగులందరినీ బయటికి తెచ్చేశారు. ఆ తర్వాత మాదేష్ లోపలికి పోయాడు. పెట్టెతో బయటికి వచ్చి గుమ్మంలో పడిపోయాడు. చేతుల్లోంచి దాన్ని విడిపించడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో కాస్త మాట వచ్చాక నన్ను పిలిపించాడు.

"అక్కా, కంప్యూటర్ చదివిందా దాన్ని?"

"చదివింది మాదేష్. అంతా వచ్చేసింది."

"అందరిదీనా?"

"అందరిదీ."

"సుమ్మా, ఊరికే నా మనసు కోసం చెప్తాండావా?"

"లేదు, నిజంగానే."

కళ్లు మూసుకున్నాడు. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

బావా, ఆ డిస్క్ లోపల కరిగి ముద్దయింది. దాంట్లోంచి ఒక్క రిపోర్టు కూడా రాలేదు. సర్వర్‌ను మళ్లీ నిలబెట్టింది మన బీరువాలోని డిస్క్‌తో.

ఇంకొకటి ఉంది. ఆ రోజు భోజనానికి ఇంటికి వచ్చేశానని మీకు ఫోన్‌లో చెప్పాను. అబద్ధం. నేను గేటు దగ్గరే ఉన్నాను. మాదేష్ పరుగెత్తుకొచ్చి, "అక్కా, పెట్టె యాడుండాది?" అన్నాడు. "లోపలే ఉంది" అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పాను. పొమ్మనలేదు. పోవద్దనీ అనలేదు. అతను వెనుదిరిగాక గానీ ఎందుకడిగాడో నాకు తట్టలేదు. అప్పుడు అరిచాను, ఇంకొకటి ఉంది, మా ఇంట్లో ఉంది అని. అప్పటికే అతను పొగలో ఉన్నాడు.

సంతాప సభలో సార్ అతని ఫోటోకు దండ వేసి, ఎందరో రోగుల రిపోర్టులను కాపాడాడని మాట్లాడారు. అతని భార్య తనుజ బిడ్డను ఒళ్లో పెట్టుకుని వింటూ ఉంది. నేను తట్టుకోలేకపోయాను. ఆ తర్వాత ఏరియూరు పోయాను. మాదేష్ అమ్మ హొన్నమ్మ మేకల్ని తోలుకుపోయింది, ఇంట్లో తనుజా, కూతురూ ఉన్నారు. గేటు దగ్గర మాటతో సహా అంతా చెప్పాను.

కూతురికి జడ వేస్తున్న తనుజ చేయి ఆగింది. "ఇంగొకటి మీ ఇంట్లోనే ఉండెనా?" అంది.

"ఉండింది."

"ఆయనకు తెలీదు కదా, ఆస్పత్రిలో?"

"తెలీదు. చెప్పలేదు."

జడ పాయల్ని వేళ్లతో విడదీసింది. తర్వాత, "మా అత్తకు చెప్పొద్దండి. కొడుకు మంచి పని చేసి పోయినాడని, దాన్ని పట్టుకునే అన్నం తింటా ఉండాది. మీరు కూడా ఇంగ ఈ పక్కకు రావద్దక్కా" అంది. మళ్లీ జడ అల్లడం మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

కొత్త సర్వర్ వచ్చింది. నకళ్ల పద్ధతి మళ్లీ నన్నే రాయమన్నారు. రాసి, నిన్న డ్రైవర్లనూ ఊడ్చేవాళ్లనూ అందరినీ కూర్చోబెట్టి, డిస్కులు మూడున్నాయని, అగ్గి అంటుకుంటే దేన్నీ ముట్టుకోకుండా బయటికి రావాలని తమిళంలో చెప్పాను. సార్ ముఖం మాడిపోయింది. "చెప్పొద్దన్నాను కదమ్మా" అన్నారు. "నన్ను తీసేస్తే తీసేయండి సార్" అన్నాను.

అప్పుడు కొత్త డ్రైవర్ పళని లేచి, "మూడుంటే, మాదేష్ అన్న తెచ్చింది ఏది మేడం?" అని అడిగాడు.

"మూడింటిలో ఒకటి" అన్నాను.

ఈ మాట ఏరియూరు చేరకుండా ఉండదు. హొన్నమ్మ చెవిన పడుతుంది. తనుజ నన్ను కోరింది ఆ ఒక్కటే, అదీ నిలుపుకోలేదు. చెప్పకపోతే ఈసారి పళని పోతాడు.

ఫోన్‌లో దీని గురించి ఏమీ అనకండి. అత్త పక్కనే ఉంటుంది. అనాల్సింది ఏదైనా కాగితం మీదే అనండి. ఎంత కటువైనా చదువుకుంటాను.

ఇట్లు,
మీ మరదలూ ఇల్లాలూ,
వేదవల్లి