కండువా ముసలాయన పాత్రపై నా అభిప్రాయం

గుట్టకిందిపల్లె,
జూన్ 1988.

దేవరకొండ వీడియో దుకాణం యజమాని శ్రీ ఫక్రుద్దీన్ గారి సముఖమునకు, విశ్రాంత రెవెన్యూ గిర్దావరు గుర్వయ్య వ్రాయునది.

విషయం: ‘నాగలోకంలో నవాబు’ అను పాత చిత్రముపై అభిప్రాయం.

తమరు బస్సు డ్రైవరు లియాఖత్ ద్వారా పంపిన క్యాసెట్ అందినది. చిత్రమును ఆసాంతం చూడడమైనది. నవాబు నాగలోకానికి గుర్రం మీద వెళ్ళి ఏనుగు మీద తిరిగి వచ్చెను. గుర్రం ఏమైనదో దర్శకుడు విచారణ జరిపించలేదు. నాగకన్య ఏడ్చిన ప్రతిసారీ వెనుకనున్న పర్వతం గాలికి ఊగుచున్నది. అయినను చిత్రం నచ్చినది. కొత్త సినిమాలలో పర్వతాలు కదలవు. ఎవరూ ఎరగని పాత చిత్రం మరొకటి పంపగలరు.

ఇట్లు,
విధేయుడు గుర్వయ్య

తా.క. మా టీవీ నలుపు తెలుపుదే అయినను గౌరవంగా చూసుకుంటున్నాము. ఈ మధ్య ఒక పెండ్లిలో నా సర్వీసును గుర్తుంచుకుని నాకు కప్పిన జరీ కండువాను దానికే కప్పినాము.

*

దేవరకొండ

గిర్దావర్ సార్‌కు ఫక్రుద్దీన్ సలాం.

సార్, నా దుకాణంల పాత సినిమాలు అడిగేది మీరొక్కరే. మిమ్ముల ఎన్నడు చూడకున్నా, మీ ఉత్తరం రాంగనే అందరికి సదివి వినిపిస్త. ‘కుంతల రాకుమారి శపథం’ లియాఖత్‌తోని పంపుతున్న. జర పైలం, దానికి ఇంకో కాపీ లేదు.

మీ ఫక్రుద్దీన్

తా.క. గుర్రం సంగతి నేను గూడ ఫికర్ చేసిన.

*

గుట్టకిందిపల్లె

శ్రీ ఫక్రుద్దీన్ గారికి గుర్వయ్య నమస్కారములు.

విషయం: ‘కుంతల రాకుమారి శపథం’. ప్రశంస, ఒక ఆక్షేపణ.

రాకుమారి శపథం చేసి బావిలోకి దూకగానే తెర మీద చుక్కలు రాలి, ఒక పెండ్లి ఆరంభమైనది. పునర్జన్మ అని ఎవరి నోటా అనిపించకుండానే తెలియజేసిన ఈ దర్శకుని ప్రతిభ సామాన్యం కాదు. తరువాత చాలాసేపు జనం భోజనం మాత్రమే చేస్తారు. ఇంత ధైర్యం నేను ఏ చిత్రంలోనూ చూడలేదు. నటులు మాత్రం తింటూ తింటూ కెమెరా వైపే చూస్తున్నారు.

ఆక్షేపణ ఏమనగా, వరుని మేనమామ అని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టిన పెద్దమనిషి చుట్ట కాల్చుకొనుటకు బయటికి వెళ్తాడు. వెంటనే ఒక పొట్టి ముసలాయన ఆ కుర్చీలో కూర్చుంటాడు. పెండ్లికూతురు తండ్రి హడావుడిగా దండ, కండువా తెచ్చేసరికి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, అడగకముందే మెడ వంచుతాడు. మేనమామ తిరిగి వచ్చి నోరు తెరిచి నిలబడతాడు. ఇంత సిగ్గులేని మనిషి లోకంలో ఉండడు గనుక పాత్ర సహజంగా లేదు. చివరలో ఆ ముసలాయన తన చేతులతో, అందరి ఎదుట, మేనమామకు కండువా కప్పినట్లు చూపి ఉంటే న్యాయం జరిగేది.

ఇట్లు,
గుర్వయ్య

తా.క. ఈ ముసలాయన కనిపించినప్పుడల్లా నా భార్య ప్రమీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నది. కారణం అడిగితే, “ఏం లేదు, ఇంకోపారి తిప్పుండ్రి” అంటున్నది.

*

దేవరకొండ

సార్‌కు దండం పెట్టి రాస్తున్న. క్యాసెట్ ఎంటనే పంపుండ్రి.

అది సినిమా కాదు సార్. ఖాళీ క్యాసెట్ దొరకక ఆ సినిమా మీద మా ఊరి బుచ్చయ్య బిడ్డ అరుణ పెండ్లి ఎక్కించిన. కవరు మార్చుడు మర్చిన, ఎక్కించిన సంగతి గూడ యాదిలేక మీకు పంపిన. ఇప్పుడు హుజూర్‌నగర్ మగపెండ్లోళ్లు, “మేనమామకు కండువ కప్పలే, మా ఇజ్జత్ తీసిండ్రు” అని పిల్లను తీసుకపోతలేరు. బుచ్చయ్య, “నా చేతులతోని కప్పిన, వీడియోల చూడుండ్రి” అంటడు. నేను లైట్ పట్టినోనితోని కొట్లాడుకుంట తీసిన, ఎవరికి కప్పిండో చూడలే. ఆ పిల్ల పెట్టె సదురుకొని దర్వాజ కాడనే కూసుంటుంది. మీరు రాసిన ముసలాయన ఎవడో గని, దొరకవట్టాలె.

మీ ఫక్రుద్దీన్

తా.క. రెండు దిక్కులోళ్లు నా దుకాణంలనే ఉన్నరు. నాకు కూసునే జాగ లేదు.

*

గుట్టకిందిపల్లె

ఫక్రుద్దీన్ గారికి,

తమ వాదన విచారించడమైనది. తోసిపుచ్చడమైనది.

బుచ్చయ్య గారి కుమార్తె వివాహమునకు నేను స్వయంగా హాజరైనాను. నాకు సన్మానం జరిగినదీ అక్కడే. ఈ చిత్రమును పలుమార్లు చూసితిని. అందులో నేనెక్కడా లేను. కావున ఇది ఆ పెండ్లి కాదు, సినిమాయే. అపురూపమైన చిత్రమును తిరిగి రాబట్టుకొనుటకు ఒక ఆడపిల్ల కష్టాన్ని కల్పించి వ్రాయుట విచారకరం.

ఇట్లు,
గుర్వయ్య

తా.క. ఆ ముసలాయన పాత్రధారి చిరునామా తెలిసినచో పంపగలరు. నటన మానుకొనమని వ్రాయదలచినాను.

*

దేవరకొండ

సార్, కోపం చెయ్యకుండ్రి.

మీరు పొలం పోయినప్పుడు ప్రమీలమ్మ గారే బస్సు ఆపి, క్యాసెట్ లియాఖత్ చేతుల పెట్టింది. అందరం కూసొని చూసినం. ముసలాయన మెడ వంచంగనే లియాఖత్ ఆయన పేరు జెప్పిండు. మేనమామ కిష్టయ్య, “బుచ్చయ్య తప్పేం లేదు. గని గా కండువ నాది. గా సారే వచ్చి కప్పాలె. గప్పటిదాంక పిల్ల గీడనే, నేను గీడనే” అన్నడు.

మీ ఫక్రుద్దీన్

తా.క. పాత్రధారి చిరునామా అడిగిండ్రు కద. గుర్వయ్య, విశ్రాంత గిర్దావరు, గుట్టకిందిపల్లె.

*

గుట్టకిందిపల్లె

శ్రీ ఫక్రుద్దీన్ గారికి గుర్వయ్య వ్రాయునది.

విషయం: అభిప్రాయ సవరణ.

తమ జాబు అందిన వెంటనే కళ్ళద్దాలు తీసి అద్దం ముందు నిలబడినాను. ఎవరూ స్పష్టంగా కనబడలేదు. కావున ప్రమీలమ్మ వాంగ్మూలం తీసుకొనడమైనది. “మొదటి దినమే గుర్తువట్టిన. చెప్తే మీరు ఆపేస్తరని చెప్పలే” అన్నది. నేను అంత పొట్టివాడనని సర్వీసు మొత్తంలో ఏ అధికారీ నాకు తెలియజేయలేదు.

తదుపరి జరిగినది తమరు కెమెరాతో తీసినదే అయినను, రికార్డు కొరకు వ్రాయుచున్నాను. టీవీ మీది కండువాను ఇస్త్రీ చేయించి దేవరకొండకు తెచ్చి, నా తీర్పును నేనే అమలుపరిచి, కిష్టయ్య గారికి కప్పినాను. ఆయన మెడ సవరించుకుని, “గిప్పుడైంది పెండ్లి” అని లేచినారు. అరుణ పెట్టెతో జీపు ఎక్కినది. ఈ చిత్రం మొత్తంలో కెమెరా వైపు చూడని నటి ఆమె ఒక్కతే. తొందరలో ఉన్నది.

నా పూర్వపు అభిప్రాయంలో ‘సిగ్గులేని’ అను మాట కొట్టివేసి ‘సన్మానాలకు అలవాటుపడిన’ అని చదువుకొనగలరు. పాత్ర సహజంగానే ఉన్నది.

ఇట్లు,
పాత్రధారి గుర్వయ్య

తా.క. మా టీవీ ప్రస్తుతం కండువా లేకుండా ఉన్నది. దేవరకొండలో మరేదైనా పెండ్లి ఉన్నచో తెలియజేయగలరు.

మరొక తా.క. ఈ గొడవలో అందరూ మరచినారు. కుంతల రాకుమారి ఇంకను బావిలోనే ఉన్నది. తగు చర్య తీసుకొనగలరు.